కొంజోను గుర్తుపట్టడానికి స్కానింగ్ తప్పనిసరా?
కొంజో అంటే సరిగా నానబెట్టని చేదు కర్రపెండలంలోని సైనైడ్ వల్ల ఉన్నట్టుండి రెండు కాళ్లూ బిగుసుకుపోయే జబ్బు. కాంగోలో మారుమూల మిషన్ ఆసుపత్రిలో స్కానింగ్ లేకుండా దాన్ని గుర్తుపట్టడం కుదరని పని అని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 1938లో డాక్టర్ ట్రోలీ కాంగోలోని క్వాంగో ప్రాంతంలో ఈ జబ్బును వర్ణించినప్పుడు స్కానింగ్ ఎక్కడుంది? నేను ఫిజియోథెరపిస్టుని, పోలియో కాళ్లు చాలా చూశాను. పోలియోలో కాలు చచ్చుబడి వేలాడుతుంది. కొంజోలో బిగుసుకుపోతుంది, మోకాలిచిప్ప కింద తడితే ఎగిరిపడుతుంది. పిల్లలు మునివేళ్ల మీద, కాళ్లు కత్తెరలా అడ్డం పడుతూ నడుస్తారు. చేత్తో ముట్టుకుంటే తెలిసే తేడా ఇది. నిన్నటిదాకా పరిగెత్తిన బిడ్డ ఉన్నట్టుండి నిలబడలేకపోతే తల్లిని ముందుగా అడగాల్సింది: చేదు కర్రపెండలం ఎన్ని రోజులు నానబెట్టావమ్మా? కరువులో మూడు రోజులు నానాల్సినదాన్ని ఒక్క రోజుతో సరిపెడితే సైనైడ్ పూర్తిగా పోదు.