బండికి తెలిసింది, నాకు తెలియలేదు

పదకొండేళ్లు నడిపిన టూరింగ్ బండిని, అంటే దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటారు సైకిల్‌ను, అమ్మేసి అదే బండి కొత్త మోడల్ కొన్నాను. కంపెనీ అదే, పేరు అదే, ట్యాంకు మీద అక్షరాలు కూడా అవే. తెలిసిన మనిషి కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టు ఉంటుందిలే అనుకున్నాను. చొక్కా కాదు, లోపలి మనిషే మారిపోయాడని తెలియడానికి వారం పట్టింది. నాకంటే ముందు మా ఆవిడకు తెలిసింది. ఆవిడకు ఎలా తెలిసిందో చెప్పడానికే ఇదంతా.

పాత బండి 96,000 కిలోమీటర్లు తిరిగింది. దానికి తాళం చెవి అనే వస్తువు ఉండేది. పెట్టి తిప్పితే బండి లేచేది, తీస్తే పడుకునేది. అది బండికి ఉందో నా జేబులో ఉందో చేత్తో తడిమితే తెలిసిపోయేది. మా ఆవిడ వెనక ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని, ఒక కాలు అటు వేసి కూర్చునేది. వెంటనే వెనక స్ప్రింగులు కీచుమనేవి, ముందు దీపం ఆకాశం వైపు చూసేది. రాత్రిపూట చెట్ల మీద పక్షులను నిద్రలేపుతూ ప్రయాణించేవాళ్లం. ఆవిడ ఎక్కిందా లేదా అనే సందేహానికి తావే ఉండేది కాదు. స్ప్రింగులు సాక్ష్యం చెప్పేవి. (ఈ స్ప్రింగుల సంగతి ఇంట్లో ఎత్తకూడదు. ఒకసారి ఎత్తి చూశాను.)

మరి అంత మంచి బండిని ఎందుకు అమ్మావు అని అడగవచ్చు. టూరింగ్ బండ్లవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఉన్న బండిలో లోపమేమీ కనిపించదు, కొత్త మోడల్ బొమ్మ చూసేదాకా. ఈ జబ్బుకు పెద్ద చరిత్రే ఉంది. 1974లో హోండా వాళ్లు గోల్డ్ వింగ్ అనే టూరింగ్ బండిని జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు దానికి నాలుగు సిలిండర్లు, 999 సీసీల ఇంజిన్. ట్యాంకులా కనిపించేది ఉత్త డబ్బా, పెట్రోలు ఉండేది సీటు కింద. అప్పటికి అదే మహా వైభోగం. 1988 మోడల్‌కు సిలిండర్లు ఆరయ్యాయి, వెనక్కి నడిచే రివర్స్ కూడా వచ్చింది. 2001కి ఇంజిన్ 1,832 సీసీలు. 2018లో మాత్రం కథ అడ్డం తిరిగింది. బండి దాదాపు 40 కిలోలు తగ్గింది, దాంతోపాటు సామాన్ల పెట్టెలు కూడా చిక్కి, మూడూ కలిపి 110 లీటర్లకు దిగాయి. మూడేళ్లు తిరిగాయో లేదో, 2021లో పై పెట్టెను 50 లీటర్ల నుంచి 61 లీటర్లకు పెంచారు. ఆ 11 లీటర్ల వెనక ఎన్ని ఇళ్లలో ఎన్ని సంభాషణలు నడిచి ఉంటాయో నేను ఊహించగలను. నాది ఆ బండి కాదు. కానీ మా ఇంట్లో నడిచిన సంభాషణ అదే.

“ఇందులో వాన కోటు ఒకటే పడుతుందండీ,” అంది మా ఆవిడ కొత్త పెట్టె ముందు కూర్చుని.

“రెండోది ఎక్కడైనా ఇరికించు.”

“రెండోది మీదే. మీ ఇష్టం.”

పాత పెట్టెల కొలతకు కుట్టించుకున్న లోపలి సంచులు కొత్త పెట్టెల్లో సగం దూరి, సగం బయటే ఉండిపోయాయి. పెట్టె గుండ్రంగా, నున్నగా, గాలిని చీల్చేలా తయారైంది. గాలికి బాగానే ఉంది. సంచులే నలుచదరంగా ఉన్నాయి. చివరికి పై పెట్టె మూతను ఆవిడ రెండు మోచేతులతో, మొత్తం బరువుతో అదిమితే తప్ప ‘టక్’మని పట్టలేదు. ఈ అదమడాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

తాళం చెవి పోయి దాని స్థానంలో అగ్గిపెట్టెంత రిమోట్ వచ్చింది. అది ఎక్కడా పెట్టనక్కర లేదు, తిప్పనక్కర లేదు. బండికి మీటరో రెండు మీటర్లో దగ్గరలో ఉంటే చాలు, బండి దాన్ని పసిగట్టి స్టార్ట్ అవుతుంది. పెట్టెల తాళాలు, పెట్రోలు మూత కూడా దాని మాటే వింటాయి. నేను దాన్ని జేబులో వేసుకోబోతుంటే ఆవిడ చేయి చాపింది.

“కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మీరు. నా బ్యాగులో ఉండనివ్వండి.”

న్యాయమైన మాటే. ఇద్దరం ఒకే బండి మీద వెళ్తున్నప్పుడు ఎవరి దగ్గర ఉంటే ఏమిటి?

ఇక మీటలు. పాత బండిలో ఎడమ బొటనవేలు కింద ఇండికేటర్, దాని కింద హారన్ ఉండేవి. కొత్తదాంట్లో ఆ రెండూ స్థానాలు మార్చుకున్నాయి. ఇలా మీటల మీద ప్రయోగాలు చేయడం కొత్తేమీ కాదు. 1980లలో బీఎండబ్ల్యూ వాళ్ల ‘కె’ వరుస బండ్లకు ఎడమ ఇండికేటర్ ఎడమ చేతికి, కుడిది కుడి చేతికి, ఆర్పడానికి ఇంకో మీట, అలా మూడు ఉండేవి. దానికీ జనం అలవాటు పడ్డారు. నా బొటనవేలే పడలేదు. పదకొండేళ్లుగా అది నన్ను అడక్కుండానే పనిచేస్తోంది, ఇప్పుడూ అడగడం లేదు. ఎడమకు తిరగాలంటే హారన్, కుడికి తిరగాలంటే హారన్. మొదటి వారంలో మా వీధి మలుపు దగ్గర ఒక ముసలాయన నా హారన్‌కు ఉలిక్కిపడి మూడుసార్లు పక్కకు దూకాడు. నాలుగోసారి నన్ను చూడగానే, మోగకముందే దూకాడు.

వీటికి తోడు తెర ఒకటి. పాత బండిలో రెండు ముళ్లు, నాలుగు దీపాలు ఉండేవి. ఈ తెర మాట్లాడుతుంది. టైర్లలో గాలి ఎంతుందో, ఫోను కలిసిందో లేదో, ఇంకెన్ని రోజుల్లో సర్వీసు చేయించాలో చెబుతుంది, చెప్పి ఊరుకోదు, ‘సరే’ అనేదాకా కదలదు. కాబట్టి వారం రోజుల్లో నేను సంపాదించిన విద్య ఒక్కటే, ఏమి వచ్చినా చదవకుండా ‘సరే’ నొక్కడం.

ఆదివారం పొద్దున్నే దూర ప్రయాణానికి బయలుదేరాం. ఎండ చుర్రుమంటోంది. బండి మాత్రం మేఘం మీద పోతున్నట్టు ఉంది. గుంతలు రోడ్డు మీద ఉన్నాయి, నా నడుముకు మాత్రం ఆ వార్త అందడం లేదు. వెనక మనిషి ఎక్కినా దిగినా సస్పెన్షన్ బరువును తానే కొలుచుకుని, మోటారుతో స్ప్రింగును బిగించి బండి ఎత్తును సరిచేస్తుంది. పక్షుల నిద్రకు ఇక భంగం లేదు. ఆనందంతో హెల్మెట్‌లోని ఇంటర్‌కామ్‌లో, “ఎలా ఉంది?” అన్నాను.

“సీటు కాలుతోంది.”

“ఎండ కదా.”

ఇరవై కిలోమీటర్ల తర్వాత, “ఎండ పైనుంచి వస్తుందండీ. ఇది కింద నుంచి వస్తోంది.”

“పెద్ద ఇంజిన్ కదా, ఆ మాత్రం వేడి ఉంటుంది,” అన్నాను, ఇంజినీరు గొంతుతో. ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు నిలబడింది.

తెర మూలన చిన్న గుర్తు, దాని పక్కన అయిదు గీతలు ఉన్నమాట నిజమే. ఫోను సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. అది చలికాలంలో వెనక సీటును వెచ్చబెట్టే ఏర్పాటని, అయిదు గీతలంటే దాని పతాకస్థాయి అని, హారన్ కోసం తడుముకుంటూ దాన్ని నేనే వెలిగించానని ఇంటికి వచ్చాక పుస్తకంలో చదివాను. పుస్తకం రెండు వందల చిల్లర పేజీలు ఉంది. పాత బండి పుస్తకం చొక్కా జేబులో పట్టేది.

పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఆవిడ నిట్టూర్పుతో దిగి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. నేను బండి మీదే కూర్చుని పెట్రోలు పోయించుకున్నాను. ఆవిడ పై పెట్టె తెరిచి నీళ్ల సీసా తీసి తాగింది. సీసా మళ్లీ లోపల పెట్టి మూత వేయబోతే అది పట్టలేదు. రెండు మోచేతులు ఆనించి బరువంతా వేసి అదిమింది. వెనక బండి దిగింది. ‘టక్’మంది.

“హమ్మయ్య, సరిపోయింది,” అంది ఆవిడ.

బండి వెనక భాగం దిగడం నాకు తెలిసింది. సరిపోయింది అన్న మాట చెవిన పడింది. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఇంతకంటే ఏమి కావాలి? స్టార్ట్ నొక్కాను. రిమోట్ ఉన్న బ్యాగు అడుగు దూరంలోనే ఉంది కాబట్టి బండి సంతోషంగా లేచింది. రోడ్డెక్కడానికి ఇండికేటర్ వేశాను. అంటే, హారన్ కొట్టాను. వెళ్లిపోయాను.

అద్దంలో చూస్తే ఎవరో చేయి ఊపుతున్నారు. కొత్త బండి కదా, జనం చూస్తారు. మర్యాదగా నేనూ చేయి ఊపాను.

నేను గమనించనిది బండి గమనించింది. వంద గజాలు దాటేలోపే సస్పెన్షన్ బరువు కొలుచుకుని, వెనక మనిషి లేదని గ్రహించి, స్ప్రింగును వదులు చేసి ఎత్తు సరిచేసింది. ముప్పై ఏళ్లుగా ఆవిడతో కాపురం చేస్తున్నది నేను, వారం క్రితం వచ్చింది ఆ స్ప్రింగు. తెర కూడా తన ధర్మం తాను నిర్వర్తించింది. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే ప్రమాదం కాబట్టి, ఒకసారి లేచాక తాళం దూరమైపోయినా ఇలాంటి బండి ఆగదు, హెచ్చరిక మాత్రం చూపిస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు. హెచ్చరికను చదివేవాడు ఉంటే. నేను ‘సరే’ నొక్కాను.

ఇంటర్‌కామ్‌లో నిశ్శబ్దం. సీటు సంగతి మీద కోపం ఇంకా చల్లారలేదనుకున్నాను. కాసేపటికి ఏదో ‘కీక్’మని శబ్దం వచ్చింది. పలకరించి చూశాను.

“కొండలు ఎంత బాగున్నాయో చూడు.”

జవాబు లేదు.

“సరే, ఆ రెండో వాన కోటు విషయంలో నాదే తప్పు.”

జవాబు లేదు. ఇంత ఘాటుగా ఎప్పుడూ అలగలేదే అనుకున్నాను. ఇక పాత తప్పులు కూడా ఒక్కొక్కటే ఒప్పుకోవడం మొదలుపెట్టాను. ముప్పై కిలోమీటర్ల దాకా ఒప్పుకుంటూనే ఉన్నాను. మన్నించిన జాడ లేదు గాని, మధ్యలో అడ్డు తగలకుండా వినడం మాత్రం ఇదే మొదటిసారి అనిపించింది. ముచ్చటేసింది.

లోయ కనిపించే మలుపులో బండి ఆపి, ఇంజిన్ కూడా ఆపి, వెనక్కి తిరిగాను.

సీటు ఉంది. సీటు మీద చేయి పెట్టి చూశాను. నిజంగానే కాలుతోంది.

స్టార్ట్ నొక్కితే తెర మీద అదే వాక్యం వచ్చింది, ‘తాళం దొరకడం లేదు’. ఈసారి పూర్తిగా చదివాను. ఫోను ముందు అరలో ఛార్జింగులో ఉంది. ఆ అర తాళం పెట్టెల తాళాలతోపాటే పడుతుంది, రిమోట్ ఉంటే తప్ప రాదు. లోపల ఫోను గుర్రుగుర్రుమని ఒణుకుతున్న శబ్దం మూత మీద చెవి ఆనిస్తే వినిపిస్తోంది. ఎవరు చేస్తున్నారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నీళ్ల సీసా పై పెట్టెలో ఉంది. బండిని తోసుకుంటూ పోదామంటే 370 కిలోలు, పైగా ఎత్తు దారి. రివర్స్ ఉంది కదా అంటారేమో. దాన్ని తిప్పేది కూడా కరెంటు మోటారే, దానికీ తాళం కావాలి. తాళం ఉంటే నాకు రివర్స్‌తో పనేమిటి?

ముప్పావు గంట గడిచింది. దూరం నుంచి డుగుడుగుమని ఒక శబ్దం వినిపించింది. ఆ శబ్దాన్ని నిద్రలో విన్నా పోల్చుకోగలను. నా పాత బండికి అన్నగారు, ఇంకా పాత మోడల్. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటర్ వేసింది, హారన్ మోగలేదు. నడుపుతున్నది ఒక పెద్దాయన, వెనక మా ఆవిడ. ముందు దీపం ఆకాశం వైపు చూస్తోంది. ఆవిడ ఆయన భుజం పట్టుకుని దిగింది, స్ప్రింగులు కీచుమన్నాయి. ఆయన తాళం చెవి తిప్పి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ చిన్న శబ్దానికి నా కళ్లు చెమర్చాయి.

“చేయి ఊపితే, తిరిగి చేయి ఊపుతారా?” అంది ఆవిడ. మొదటి మాట అదే.

“ఎవరో అనుకున్నాను.”

“హారన్ కొడితే తొందర పెడుతున్నారనుకుని పరుగెత్తానండీ.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. పెద్దాయన లోయ చాలా బాగుందన్నాడు. మంచివాడు.

ఆవిడ నా వైపు రెండడుగులు వేసిందో లేదో, బండి తెర దానంతటదే వెలిగి, ‘స్వాగతం’ అంది. నాకు వారంలో ఒక్కసారి కూడా అంత ఆప్యాయంగా చెప్పలేదు. రిమోట్ ఇవ్వమని చేయి చాపాను. ఆవిడ బ్యాగు జిప్పు లాగి, భుజానికి సరిగ్గా తగిలించుకుంది.

“దీన్ని మీకిస్తే ఈసారి బంకు దాకా కూడా తీసుకెళ్లరు.”

సీటు మీద వాన కోటు మడిచి పరిచి, ఆవిడ ఎక్కింది. బండి ఒక్క అంగుళం దిగి, ‘ఉమ్’మని సన్నగా మూలిగి, మళ్లీ సర్దుకుంది. పెద్దాయనకు ధన్యవాదాలు చెప్పి ఇండికేటర్ వేశాను. హారన్ మోగింది. ఆయన నవ్వుతూ చేయి ఊపాడు. నేను ముందు వెనక్కి తిరిగి సీటు చూసుకుని, ఆ తర్వాత చేయి ఊపాను.