22 కిలోల ఎలుకలు

చెన్నై చూలైమేడులో మా ఇంటి ఎలుకలు చాలా సామాన్యమైనవి. వేరుశనగలు వదలవు, బోనులో మసాలా వడ పెడితే మాత్రం వాసన చూసి పోతాయి. ఈ ఊళ్ళో ఇంతకంటే తెలివైన ఎలుకలు ఉండవనే గర్వంతో బతికాను. 2023లో ఒక కోర్టు వార్త చదివాక తల దించుకున్నాను.

2020లో మెరీనా పోలీసులు 22 కిలోల గంజాయితో ఇద్దరిని పట్టుకున్నారు. పరీక్షకు 50 గ్రాములు వెళ్ళింది. కోర్టుకు 50 గ్రాములు వచ్చింది. మిగతా 21.9 కిలోలేవీ అంటే, ఎలుకలు తినేశాయన్నారు. ఇద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఏం ఎలుకలండీ అవి! ఎంత క్రమశిక్షణ! తాత ఎలుక కాపలా కూర్చుని, "ఒరేయ్, ల్యాబు కవరు సీలు పడేదాకా మూట ముట్టొద్దు, మనది పరువుగల వంశం" అని పిల్లల్ని ఆపి ఉంటుంది. కవరు గేటు దాటగానే పంక్తి వేసి ఉంటారు. పక్క వీధి నుంచి సాంబారు వాసన వస్తున్నా ఒక్క పిల్ల ఎలుక కూడా లేవలేదు. తిన్నాక పంచనామా కూడా రాసుకుని ఉంటారు. సాక్షి సంతకం ఎవరిదంటారా? పిల్లి గారు ఉన్నారుగా!

ఎలుకల మీద ఎంతసేపైనా నవ్వొచ్చు. కానీ అవి తినకపోయి ఉంటే? 22 అని కాగితం మీద ఉంది కాబట్టి 22 అని మీరూ నేనూ నమ్మేవాళ్ళం.

చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, కాత ఉన్న కొనలు. అవి లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కాదు. ల్యాబు తన కవరులో ఉన్నదేమిటో చెబుతుంది, అంతే. మూటలో ఎంత కొన, ఎంత ఆకు, ఎంత తడి అన్నది ఆ కవరుకేం తెలుసు? ఎన్నేళ్ళు జైలన్నది కాటా చెబుతుంది. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్ళు. బెయిలు కావాలంటే, నేరం చేయలేదనిపిస్తోందని జడ్జిగారే ముందు నమ్మాలి.

శాంపిల్ మేజిస్ట్రేట్ ముందు తియ్యండని సుప్రీంకోర్టు 2016లోనే మొత్తుకుంది. సరే, ఆ కాటా ఎవరిది? దానికి తూనికల శాఖ ముద్ర ఎప్పుడు పడింది? కోయంబేడులో అరకిలో టమాటాలకు మా ఆవిడ కాటా సున్నా మీద ఉందో లేదో రెండుసార్లు చూస్తుంది. పదేళ్ళు తూచేటప్పుడు చూడరా? సిగ్గుండాలి కదా!

మన ఏజెన్సీ కుర్రాడు ఎవరిదో మూట మోసుకొచ్చి సెంట్రల్ స్టేషన్లో దొరుకుతాడు. తమిళం రాదు, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. కాటా 21 చూపిస్తుంది. అందులో కాడలెన్నో అడిగే లాయరు కోసం వాళ్ళమ్మ ఏం అమ్మాలి?

వాడి మూట దాచిన గదిలోనైనా నాలుగు ఎలుకలుంటే బాగుండు.