సవరణ: ఆబీ థియేటర్‌కు మొదటి డబ్బు ఎవరిది?

డబ్లిన్ ఆబీ థియేటర్ ఐర్లండ్ ప్రభుత్వ నిధులతో మొదలైందని గత పోస్టులో రాశాను. అది తప్పు. 1904 డిసెంబర్ 27న తెర లేచేనాటికి ఐర్లండ్ ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది.

డబ్బు పెట్టింది ఆనీ హార్నిమన్ అనే ఇంగ్లిష్ మహిళ, టీ వ్యాపార కుటుంబపు వారసురాలు. భవనం ఆమె ఇచ్చిందే. ఆమె ఐర్లండ్ నివాసి కాదు కాబట్టి లైసెన్సు మాత్రం ఆబీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఐరిష్ రచయిత్రి లేడీ గ్రెగరీ పేరున తీసుకున్నారు. ఆరు పెన్నీల చౌక టికెట్ ఉండకూడదన్నది మొదట్లో హార్నిమన్ పెట్టిన షరతే. పేద ప్రేక్షకులకు తలుపు మూసిన ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది. 1905లో ఆమె సొమ్ముతోనే నటులకు జీతాలు మొదలయ్యాయి. ఆబీని నడిపే నాటక సంఘం కాస్తా లిమిటెడ్ కంపెనీ అయింది, పెత్తనం కవి యేట్స్, గ్రెగరీ, నాటక రచయిత సింగ్‌ల చేతికి వెళ్లింది. అందరూ కలిసి ఓటేసి నిర్ణయించుకునే పద్ధతి పోవడం నచ్చక కొందరు నటులు విడిపోయారు.

1910 మేలో బ్రిటిష్ రాజు ఎడ్వర్డ్ చనిపోయిన మర్నాడు ఆబీ ప్రదర్శన ఆపలేదు. లేడీ గ్రెగరీ సలహా కోరుతూ మేనేజర్ పంపిన తంతికి జవాబు ఆలస్యంగా వచ్చింది. హార్నిమన్ ఆగ్రహించి, సాయం ఆపేసింది.

నేను చెప్పిన ప్రభుత్వ గ్రాంటు ఐర్లండ్‌కు సొంత ప్రభుత్వం వచ్చాక, 1925 నాటిది: 850 పౌండ్లు. దాంతోపాటు బోర్డులో ప్రభుత్వ ప్రతినిధి కూడా వచ్చి కూర్చున్నాడు.