బొమ్మను చెడగొట్టు విధానం

బొమ్మను చెడగొట్టడం ఎవరైనా చేయగలిగిన పని అని లోకంలో ఒక చులకన భావం ఉంది. అది అన్యాయం. ముఖ్యంగా ఒక లోగోను పూర్తిగా నాశనం చేయడానికి ఎంత ఓపిక, ఎంతమంది సహకారం కావాలో తెలిస్తే ఆ మాట అనరు.

డిజైనర్ చేతిలో పుట్టినప్పుడు లోగో ఎస్‌వీజీ ఫైల్‌గా ఉంటుంది. అందులో చుక్కలుండవు, లెక్కలే ఉంటాయి: ఇక్కడినుంచి అక్కడికి గీత, ఈ చోట వంపు, ఇంత మందం, ఫలానా రంగు. మొత్తం కలిపి తరచుగా నాలుగైదు కిలోబైట్లు. విజిటింగ్ కార్డు మీద వేసినా, నాలుగంతస్తుల గోడ మీద వేసినా అంచు చెదరదు, ఎందుకంటే సైజు మారిన ప్రతిసారీ గీతలను కొత్తగా లెక్కగట్టి గీస్తారు. ఇంత మొండి వస్తువుతో తలపడటం సామాన్యులకు సాధ్యమా?

సాధ్యమే. ముందుగా "ఫైల్ ఓపెన్ కావడం లేదు" అనాలి. ఏ బ్రౌజర్‌లో వేసినా తెరుచుకుంటుంది కానీ, ఆ ప్రయత్నం చేయకూడదు. విసిగిన డిజైనర్ 200 పిక్సెళ్ల, అంటే 200 రంగు చుక్కల, వెడల్పున్న పీఎన్‌జీ ఫైల్ పంపుతాడు. దాంతో బొమ్మ ఎదుగుదల ఆగిపోయింది. అయితే 1996లో వచ్చిన ఈ పీఎన్‌జీకి ఒక చెడ్డ గుణం ఉంది, నిజాయితీ. దాచిన ప్రతి పిక్సెల్‌నూ ఉన్నదున్నట్టు తిరిగిస్తుంది. వెనకవైపు పారదర్శకంగా ఉంచుతుంది, అదీ 256 మెట్లలో. అంతకు ముందు 1987లో పుట్టిన జిఫ్‌కు 1989లో అబ్బిన పారదర్శకత ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు; రంగులు కూడా ఒక ఫ్రేముకు 256కు మించవు.

కాబట్టి జేపెగ్‌గా మార్చాలి. అసలు విద్య ఇక్కడే ఉంది. 1992 నాటి ఈ ప్రమాణం బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కన్ను పెద్దగా పట్టించుకోని సన్నని వివరాన్ని పారేస్తుంది. రంగు సమాచారాన్ని సాధారణంగా నాలుగో వంతుకు తగ్గిస్తుంది. ముఖాలకు, మబ్బులకు ఇది వరమే. 36 మెగాబైట్లు కావలసిన 12 మెగాపిక్సెళ్ల ఫోటో నాలుగైదు మెగాబైట్లలో ఒదిగేది దీనివల్లే. కానీ అక్షరం అంచు దగ్గర నలుపు, తెలుపు ఒక్కసారిగా ఢీకొంటాయి. ఆ పదునంతా సన్నని వివరంలోనే ఉంటుంది. దాన్ని పారేయగానే గడి మొత్తం అలలు లేచి, అక్షరం చుట్టూ దోమలు మూగినట్టు కనిపిస్తుంది. నీలం మీది ఎర్ర అక్షరమైతే రంగు పక్కకు కారుతుంది కూడా. పారదర్శకత జేపెగ్‌లో ఉండదు కనుక, ఆ ఖాళీ తెల్లగానో నల్లగానో నిండి, లోగో ఇకపై ఎక్కడికి వెళ్లినా తన పెట్టెతో సహా వెళుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. అదే క్వాలిటీలో, ఏమీ ముట్టుకోకుండా పదిసార్లు సేవ్ చేసి బొమ్మ పాడైందనుకుంటారు. అలా పెద్దగా చెడదు, గళ్లు పాత చోటే పడతాయి. అనుభవజ్ఞులు ప్రతిసారీ ఎడమవైపు ఓ మూడు పిక్సెళ్లు కత్తిరించి సేవ్ చేస్తారు. గళ్లు జరుగుతాయి, పాత నష్టం మీద కొత్త నష్టం పడుతుంది. డాక్యుమెంట్‌గా కాకుండా మామూలు ఫోటోగా ఫార్వర్డ్ చేస్తే మెసేజింగ్ యాప్ ఈ శ్రమ తానే తీసుకుంటుంది. ఇంకా తీరకపోతే మానిటర్‌ను ఫోన్‌తో ఫోటో తీయొచ్చు. తెర గళ్లకూ కెమెరా సెన్సర్ గళ్లకూ పొత్తు కుదరక, బొమ్మంతా రంగురంగుల చారలు వస్తాయి.

ఈ దశలో ఎవరో ఒకరు పారదర్శకమైన పీఎన్‌జీ కావాలంటారు. ఫైల్ పేరు చివర అక్షరాలు మార్చి పంపాలి. లోపలి బైట్లు జేపెగ్‌వే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చేవారికి ఇంకా మేలైన సరుకు దొరుకుతుంది: పారదర్శకతను సూచించే బూడిద, తెలుపు గళ్లు బొమ్మలోనే అచ్చై ఉంటాయి.

చివరికి పది అడుగుల బ్యానర్. 200 పిక్సెళ్లను పది అడుగులకు సాగదీస్తే ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర సెంటీమీటర్లు. ప్రెస్‌వాళ్లు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, అడుగుతారు. పిక్సెళ్లు పెంచకుండా ఆ అంకె మాత్రం మార్చి పంపితే సరి. లెక్క ప్రకారం ఆ రిజల్యూషన్‌లో ఈ లోగో 1.7 సెంటీమీటర్ల వెడల్పునే అచ్చు కావాలి, కానీ లెక్కలు ఎస్‌వీజీతోనే వదిలేశాం కదా. ఇక మిగిలింది ఏఐతో "హెచ్‌డీ" చేయించడం. అది లేని వివరాన్ని ఊహించి నింపుతుంది, అంచులు తళతళలాడతాయి. ఒత్తులు, గుడులు మాత్రం దాని ఇష్టం. అచ్చయ్యాక సంస్థ పేరు ఇంకోలా చదువుకోవలసి వస్తే, బ్యానర్ మళ్లీ వేయించేకంటే రిజిస్ట్రేషన్‌లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.