నీళ్ల మగ్గు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నీళ్ల మగ్గు గారి సముఖానికి,

సాల్వియా పూలమొక్కల కుండీల తరఫున నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు కులాసాగానే ఉన్నారు, మొక్కలే లేవు.

తమరి వైద్యం ఎంత సులువో మాకు తెలుసు. ఆకు వాలితే నీళ్లు. కొమ్మ సన్నగా సాగితే నీళ్లు. పువ్వు రాలితే నీళ్లు. వాన పడినా సరే, వేళ తప్పిందన్న మాట రానివ్వరు.

ముందు ఆ వాలిన ఆకు సంగతి చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండకు సాల్వియా ఆకులు వేలాడేస్తుంది, పొద్దు వాలేసరికి తనే లేస్తుంది. అది జబ్బు కాదు. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం వేలు మట్టిలోకి రెండు మూడు సెంటీమీటర్లు దింపి చూడాలి. పొడిగా తగిలితే పోయండి, కాదనం. తడిగా తగిలిందా, మొక్క దాహంతో వాలలేదు, ఊపిరాడక వాలింది. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీరు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి నీళ్లలో నిలబడే మొక్క ఎండిపోతుంది. అది చూసి తమరు కంగారుగా ఇంకో మగ్గు పోస్తారు. పైమట్టి తెల్లగా ఎండి, కుండీ మాత్రం ఎత్తలేనంత బరువుంటే లోపల ఇదే జరుగుతోంది.

సన్నగా సాగిన కొమ్మకు కావలసింది ఎండ. రోజుకు ఆరు గంటలైనా ఉండాలి. దాంతోపాటు మూడు జతల ఆకులు రాగానే కొన చిగురు తుంచాలి, అప్పుడే పక్క కొమ్మలు వస్తాయి. ఆ తుంచే గోరు తమరికి లేదు, ఉన్నదల్లా మూతి.

ఇక రాలిన పువ్వు. ఎర్ర సాల్వియాలో గొట్టం లాంటి పువ్వు ముందు రాలిపోయినా, దాన్ని పట్టుకున్న ఎర్రటి గిన్నె కంకి మీద ఇంకా కొన్నాళ్లు ఉంటుంది. దానికి శోకాలు అక్కర్లేదు. గిన్నెలు కూడా రంగు వెలిసిపోయాక కంకి కింద ఉన్న మొదటి ఆకుల జతకు పైన కత్తిరిస్తే ఆ జత సందుల్లోంచి కొత్త కంకులు లేస్తాయి. పూలు తగ్గాయని తమరు ద్రవ ఎరువు కలుపుకొచ్చారనుకోండి, నత్రజని ఎక్కువై ఆకు గుబురు పెరుగుతుంది, పూలు ఇంకా తగ్గుతాయి.

విత్తనాల ట్రే దగ్గర తమరి ప్రతాపం మరీ ఘోరం. ఎర్ర సాల్వియా గింజ మొలవాలంటే వెలుతురు కావాలి. అందుకే తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద చల్లి, వేలితో అదిమి వదిలేస్తాం, పైన మట్టి కప్పం. 21 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో పది పధ్నాలుగు రోజుల్లో మొలుస్తాయి. తమరు జానెడు ఎత్తునుంచి ఒక్క ధార పోసేసరికి గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోయి, సంతలో జనంలా అక్కడే మొలుస్తాయి. ఆ ఇరుకులో, ఆ తడిలో నారుకుళ్లు పట్టుకుంటుంది. నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మట్టి దగ్గర దారంలా సన్నబడి పడి ఉంటుంది. దానికి మందు లేదు. ట్రేని సెంటీమీటరు లోతు నీళ్లలో పెట్టి, పైపొర రంగు ముదరగానే తీసేస్తే సరిపోయేది. అంత ఓపిక తమరి వంశంలోనే లేదు.

అలాగని సాల్వియా ఎడారి మొక్కా అంటే కాదు. ఎర్రది అసలు బ్రెజిల్‌ది, పూర్తిగా ఎండగడితే మొగ్గలు రాల్చేస్తుంది. పైగా పొడి వేడిలో ఆకు అడుగున ఎర్రనల్లి అనే సన్నటి పురుగు చేరుతుంది. వంటల్లో వాడే సేజ్ కూడా సాల్వియానే, అది మధ్యధరా ప్రాంతపుది కాబట్టి ఇంకా పొడిగా ఉన్నా ఓర్చుకుంటుంది. ఏదైనా సరే, పోస్తే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి, తర్వాత పైమట్టి ఆరేదాకా తమరు మేకుకు వేలాడాలి. రోజూ గుక్కెడు చిలకరిస్తే పైపొరే తడుస్తుంది. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు అరగంటలో పారబోయాలి. అడుగున గులకరాళ్లు పరిచాం కదా అనకండి. రాళ్లుంటే తడి నిలిచే పొర వేర్ల వైపు పైకి జరుగుతుందంతే.

తమరిని ఇంట్లోంచి వెళ్లగొట్టే ఉద్దేశం మాకు లేదు. వేరే ఉద్యోగం చూసి పెట్టాం, కుండీ మట్టి కలిపేటప్పుడు కొలత పోయడం. రెండు మగ్గులు తోట మట్టి, ఒకటి చివికిన కంపోస్టు, ఒకటి ముతక ఇసుక. ఈ కొలతకు తమరికి మించిన వారు లేరు. చేరేముందు ఒళ్లు పొడిగా తుడుచుకు రండి.

ఇట్లు,
మిగిలిన రెండు కుండీల తరఫున