ఐదో డెక్కు మీది ఫ్యూచర్ క్రూజ్ డెస్కు గారికి

మహారాజశ్రీ డెస్కు గారికి, టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో మీ ఓడ ఎక్కి, మెక్సికో దీవి కొజుమెల్ చూసి తిరిగొస్తున్న, కిటికీ లేని గది ప్రయాణికుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మేమంతా క్షేమం. మీరు మాకన్నా క్షేమమని మీ ముందున్న క్యూ చూస్తేనే తెలుస్తోంది. ఒడ్డు కనపడని రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎవరికీ ఏ పనీ లేని వేళ చూసి, ముందు ముందు చేయబోయే ఓడ ప్రయాణాలకి ఇప్పుడే టికెట్లమ్మే మీ దుకాణం తెరిచారు. ఈ ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ ఘటికుడు. విస్తట్లో పెరుగన్నం కలుపుకుంటున్నవాణ్ణి పట్టుకుని, వచ్చే పెళ్ళికి చదివింపులు ఇప్పుడే రాయించమన్నట్టుంది మీ వరస. “దిగకుండానే మళ్ళీ ఎక్కమంటాడేమిట్రా ఈ అబ్బాయి?” అని మా అమ్మ అడిగింది. మీ బ్రోషర్‌లో దానికి జవాబు దొరకలేదు.

నాన్న బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మీ కాగితం తిరగేసి వెనకవైపు లెక్క కట్టారు. ఇప్పుడు డిపాజిట్ కట్టాలి, ఓడ ఎక్కేది రెండేళ్ళ తర్వాత, అన్నాళ్ళూ వడ్డీ లేదు. బదులుగా మీరిచ్చేది ఆన్‌బోర్డ్ క్రెడిట్. దాన్ని మీ ఓడలోనే ఖర్చు పెట్టాలి. మిగిలితే చాలా రకాల్లో చేతికి డబ్బు రాదు, ఆఖరి రాత్రితో సరి. ఆ రాత్రి గిఫ్ట్ షాపులో జనం కీచైన్లు గుప్పిళ్ళతో ఎందుకు కొంటారో అప్పుడర్థమైంది. “మన డబ్బు వాళ్ళ దగ్గర, వాళ్ళ డబ్బు కూడా వాళ్ళ దగ్గరే” అని నాన్న పెన్ను జేబులో పెట్టుకున్నారు.

ఈ రేటు మంచిదో కాదో బయట పోల్చి చూద్దామంటే నెట్ కావాలి. ఆ నెట్ అమ్మేదీ మీరే, రోజుకు 20 డాలర్ల చుట్టుపక్కల. బేరం తెలుసుకోవడానికి కూడా మీకే కట్టాలన్నమాట! వ్యాపారం అంటే ఇదీ.

డబ్బు సంగతి అటుంచండి. మీరు నిజంగా అడుగుతున్నది మా భవిష్యత్తు, మా దగ్గర స్టాకు లేనిది అదొక్కటే. రెండేళ్ళ తర్వాతి మార్చి నెల చూపించి “స్ప్రింగ్ బ్రేక్‌కి సరిగ్గా సరిపోతుంది సర్” అన్నాడు మీ అబ్బాయి. మా పిల్లల స్కూలు డిస్ట్రిక్టే ఆ ఏడాది క్యాలెండర్ ఇంకా వెయ్యలేదు. మాది హెచ్‌-1బి ఉద్యోగ వీసా. అప్పటికి ఉద్యోగం ఈ కంపెనీలోనో, ఇంకోచోటో, లేక అమీర్‌పేటలో కూర్చుని మళ్ళీ రెజ్యూమె దిద్దుకోవడమో, మా మేనేజర్‌కే తెలియదు.

పైగా “ఈసారి రొయాటాన్, గ్రాండ్ కేమన్ కూడా చూడండి సర్, నీళ్ళు అద్దంలా ఉంటాయి” అన్నాడు. ఉంటాయి నాయనా. కానీ పాస్‌పోర్టులో వీసా గడువు దాటినవాళ్ళు ఐ-94 (దేశంలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉండి, మిగతా షరతులూ సరిపోతే, 30 రోజుల్లోపు తిరిగి రావడానికి అమెరికా ఇచ్చిన వెసులుబాటు మాలాంటివాళ్ళకు మెక్సికో, కెనడాల వరకే. రొయాటాన్ అంటే హోండురస్, ఆ గడ్డ మీద కాలు పెడితే ఆ లెక్క తప్పుతుంది. అప్పటికి మా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఏ స్థితిలో ఉంటుందో? పోనీ కొజుమెల్ ఒక్కటే ఉన్న ఓడ ఎక్కుదామా అంటే, వాతావరణం బాగోకపోతే రేవు మార్చే హక్కు మీదని టికెట్ ఒప్పందంలోనే రాసుకున్నారు. మీ తుఫానుకి మా ఇమ్మిగ్రేషన్ లాయరు ఫీజు! ఇది మాత్రం ఏ ప్యాకేజీలోనూ రాదు.

అయినా మీ పక్షాన ఒక్క మాట చెప్పాలి. అమ్మకి ఓడ నచ్చింది. మీ క్రెడిట్ వల్ల కాదు. రెండో రోజు నుంచీ అడగకుండానే పప్పు, అన్నం, పక్కన ఓ చిన్న గిన్నెలో పెరుగు తెచ్చిపెట్టిన గోవా కుర్రాడి వల్ల. ఆయన గిన్నె టేబుల్ మీద పెట్టి, చెంచా అమ్మ కుడిచేతి వైపుకి తిప్పేవాడు. మళ్ళీ వద్దామా అని ఆవిడ అడిగితే ఈ కుర్రాడున్న ఓడకి అని అర్థం. కానీ సిబ్బంది కాంట్రాక్టులు నెలల లెక్కన. రెండేళ్ళకి ఆయన ఏ సముద్రం మీద ఉంటాడో మీరు రాసివ్వగలరా? ఆ షరతు పెడితే తిరిగి రాని నాన్-రిఫండబుల్ డిపాజిట్ కూడా కడతాను.

అందాకా నా మనవి ఇది. రేపు గాల్వెస్టన్‌లో ఫోన్‌కి సిగ్నల్ రాగానే బయటి రేట్లు చూస్తాను. మీదే మంచిదని తేలితే, మీరు చెప్పినట్టే చేయలేదే అని బాధపడటానికి నాకు కారు పార్కింగ్ నుంచి డాలస్ దాకా బోలెడు టైముంది.

ఇట్లు,
ఎనిమిదో డెక్కు, లోపలి గది

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగానే మా ఆవిడ మీ క్యూలో నిలబడిందని పెద్దాడు వచ్చి చెప్పాడు. దయచేసి ఆవిడకి రిఫండబుల్ డిపాజిట్టే ఇవ్వండి. ఆఖరి వాయిదా గడువుకి ముందు రేటు తగ్గితే మాకు తగ్గిస్తారా, ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఉంచుతారా అనీ ఆవిడే అడుగుతుంది. ముందే చెబుతున్నా, ఆ ప్రశ్నకి జవాబు వచ్చేదాకా ఆవిడ కదలదు, ఆవిడ వెనకున్న క్యూ కదలదు.