తలుపులు మూసి సాంబ్రాణి వేస్తే కెమికల్ పోదు

"కొత్త ఫర్నిచర్ కొన్నవారికి హెచ్చరిక" అంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బంధువుల గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, చివరికి నరసన్నపేటలో ఉన్న మా మేనత్త కూడా పంపి "ఇది నిజమేనా అమ్మా?" అని అడిగింది. కొత్త మంచాలు, వార్డ్‌రోబులు, తివాచీల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు వస్తుందట. 24 గంటల్లో దాన్ని మాయం చేసే చిట్కాలట. గది మూలల్లో కోసిన ఉల్లిపాయలు, గిన్నెలో ఉప్పునీళ్లు, నాలుగు స్నేక్ ప్లాంట్లు, రోజంతా ఏసీ, అన్నిటికన్నా ముఖ్యంగా తలుపులూ కిటికీలూ బిగించి కర్పూరం, సాంబ్రాణి పొగ. వాసన పోతే విషం పోయినట్టేనట. కింద ఎర్ర అక్షరాల్లో "బాలింత, పసిబిడ్డ ఉన్న ఇంట్లో తప్పనిసరి". ఆ ఆఖరి మాట లేకపోతే నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఉల్లిపాయ, ఉప్పునీళ్ల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. ఉల్లిపాయ కూరలో వేసుకోండి, ఉప్పునీళ్లు పారబోయండి.

మొక్కల విషయంలో "నాసా నిరూపించింది" అని రాశారు కాబట్టి కాస్త చెప్పాలి. 1989లో నాసా ప్రయోగం జరిగిన మాట నిజమే. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. మనుషులు తిరిగే గదిలో కాదు. తర్వాత 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పలు ప్రయోగాల ఫలితాలు కలిపి లెక్క కట్టారు. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలని తేలింది. పదడుగులు పన్నెండడుగుల గది తీసుకోండి. తక్కువలో తక్కువ వంద కుండీలు. ఇక మంచం ఎక్కడ వేస్తారు? మొక్కలు పెంచుకోండి, కంటికి బాగుంటాయి. వాటిని నమ్మి కిటికీ మాత్రం మూయకండి.

ఏసీ సంగతి చాలామందికి తట్టదు. మన ఇళ్లల్లో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఏసీ కోసం తలుపులు మూస్తాం కాబట్టి ఆ వాయువు కూడా గదిలోనే ఉండిపోతుంది.

ఇక సాంబ్రాణి.

మా వైపు తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. కూతురు వస్తోందంటే తండ్రి ఒక గదికి రంగులు వేయిస్తాడు, కొత్త మంచం, వార్డ్‌రోబ్ చేయిస్తాడు, కాళ్లకి మెత్తగా ఉంటుందని తివాచీ కొంటాడు. అంతా ప్రేమతోనే. కాన్పయ్యాక పచ్చి బాలింతకి గాలి తగలకూడదని కిటికీలు బిగించేస్తారు. పగలూ రాత్రీ తల్లీబిడ్డా ఆ గదిలోనే. ఇంటిల్లిపాదిలో ఆ గాలిని ఎక్కువసేపు పీల్చేది పుట్టి వారం తిరగని బిడ్డే. అలాంటి గదిలో తలుపులు మూసి పొగ వేయమంటున్నారు!

పొగ ఏ కెమికల్‌నీ చంపదు. బొగ్గు నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే గాలిలోకి సన్నటి మసి వస్తుంది, మూసిన గదిలో నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. ధూపం పొగలో బెంజీన్ ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. దేన్ని పోగొట్టాలని పొగ వేస్తున్నారో అదే ఆ పొగలోనూ ఉంది. ఇది రాసినవాళ్లకి తెలియకపోతే ఎందుకు రాశారు? తెలిసి రాస్తే పసిబిడ్డ పేరు ఎలా పెట్టారు? పొగ వేశాక చెక్క వాసన రావడం లేదంటే సాంబ్రాణి వాసన దాన్ని కప్పేసిందని అర్థం, అంతే. పొగ వేయకపోయినా, ఆ గదిలో గంటసేపు కూర్చున్నవాళ్ల ముక్కు అలవాటు పడిపోతుంది. బయట నుంచి అప్పుడే వచ్చినవాళ్లని అడగండి, వాళ్లు చెప్తారు.

ఆమదాలవలసలో దగ్గరి బంధువుల ఇంట్లో ఇలాంటి గదే చూశాను. వార్డ్‌రోబ్ బయటంతా మైకాతో నిగనిగలాడుతోంది. అడుగు సొరుగు లాగితే గాటు వాసన గుప్పున కొట్టి కళ్లు మండాయి. చెయ్యి పెట్టి చూస్తే సొరుగు అడుగున మైకా లేదు, చెక్క గరుకుగా అలాగే ఉంది. బందులు బిగించిన చోట బెజ్జాల్లో పొట్టు కనిపిస్తోంది. వాయువు ఎక్కువగా వచ్చేది అలాంటి కప్పని చోట్ల నుంచే. ఇలాంటి సామానుకి వాడే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అనే పలకల్లో చెక్కపొట్టుని అంటించేది ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. వేడికీ, తేమకీ అది కొద్దికొద్దిగా విడిపోతూ నెలల తరబడి గాలిలో కలుస్తూ ఉంటుంది. మన సముద్రం ఒడ్డు ఉక్కపోతకి ఇంకా ఎక్కువ. 24 గంటల్లో మాయం అనే మాట అందుకే పచ్చి అబద్ధం.

అయితే ఈ మెసేజ్‌లో రెండు మాటలు నిజం, ఒప్పుకుంటాను. ఒకటి, భయం ఉత్తిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఫార్మాల్డిహైడ్‌ని మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. రెండోది ఏడో చిట్కా. "కొత్త సామాను కొన్నాళ్లు వరండాలో ఉంచి తర్వాత గదిలో వేయండి" అని ఉంది. అది అక్షరాలా సరైన సలహా. అందరూ చేయాల్సిన ఆ ఒక్క పనినీ ఉల్లిపాయల కింద పాతిపెట్టారు.

కాన్పుకి గది సిద్ధం చేసేవాళ్లు సామాను నెలల ముందే చేయించండి, ఆఖరి వారంలో కాదు. సొరుగులన్నీ బయటికి లాగి, తలుపులు బార్లా తెరిచి ఉంచండి. ఎదురెదురు కిటికీలు తీసి, ఒకదాని దగ్గర టేబుల్ ఫ్యాన్‌ని బయటికి తిప్పి పెట్టండి. దోమల భయం ఉంటే మెష్ కొట్టించండి. బాలింతకి చలిగాలి తగులుతుందని పెద్దవాళ్లు అంటే వాదన వద్దు. తల్లీబిడ్డలని పక్క గదిలో కూర్చోబెట్టి రోజూ కాసేపు ఆ గది తెరవండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. బిడ్డకి దగ్గు, ఆయాసం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తివాచీ కొనేసి ఉంటే డాబా మీద నీడపట్టున విప్పి కొన్నాళ్లు ఆరనివ్వండి. ఆ ఘాటు ఎక్కువగా అడుగున పూసిన రబ్బరు పూతది. పసిబిడ్డ గదికైతే తుంగచాపో, ఉతికిన నూలు జంపకానానో చాలు.

కార్పెంటర్‌తో ముందే మాట్లాడండి. పార్టికల్ బోర్డయినా, ఎండీఎఫ్ అయినా ఇ1 గానీ ఇ0 గానీ రాసి ఉందేమో షాపులో అడగండి, ఈ వాయువు తక్కువగా వచ్చే రకాలకి వేసే గుర్తులవి. ప్లై అయితే ఐఎస్ 710 ముద్ర చూడండి, అది తడికి తట్టుకునే మెరైన్ ప్లైకి ఉండే ముద్ర. అందులో ఫినాల్ జిగురు వాడతారు, వాయువు చాలా తక్కువ. ధర ఎక్కువే. అంత పెట్టలేకపోతే ఇనప బీరువా కొనండి, అందులో జిగురు చెక్కే ఉండదు. ఏ చెక్క తీసుకున్నా సొరుగుల అడుగున, వెనక పలక మీద, కోసిన అంచుల మీద కూడా మైకా వేయమని ఖరారుగా చెప్పండి. "లోపల ఎవరు చూస్తారమ్మా" అంటాడు. వేయించే దాకా డబ్బు ఇవ్వకండి.